మూడెండల పుస్తకం

పోయినవాళ్ల గురించి మంచే రాయాలని, పేపర్లో చేరిన మొదటి వారంలోనే మా డెస్క్ ఇన్‌ఛార్జి చెప్పాడు. ముప్ఫై రెండేళ్లు అలాగే రాశాను. ఎవరు పోయినా తీరని లోటనే రాశాను. కొందరు పోయినప్పుడు వాళ్ల వీధి వీధంతా ఊపిరి పీల్చుకున్న సంగతి తెలిసి కూడా అదే రాశాను. మొన్న మా పేట శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా చేసి, నాలుగేళ్ల కిందట రిటైరైన ఆయన చనిపోయాడని పాఠకుల సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆ రెండు మాటలూ నోటికి రాలేదు.

"సంతాప సభ ఆదివారం పెట్టామండీ, లైబ్రరీలోనే. మీరు తప్పకుండా రావాలి," అన్నాడు కార్యదర్శి. "అప్పట్లో ఆయన మీద ఆదివారం సంచికలో అర పేజీ రాశారు చూడండీ, దాన్ని ఫ్లెక్సీ వేయిస్తున్నాం. ఆయన ఫొటో ఒక పక్క, మీ వ్యాసం ఒక పక్క."

"నా వ్యాసం ఎందుకండీ ఇప్పుడు?"

"భలేవారే! ఆయనంటే ఏంటో మీరు రాసేదాకా మాకే తెలీదు కదండీ."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నోరు చేదుగా ఉండిపోయింది. మనిషి పోయాడన్న బాధ కాదది. నా అర పేజీని ఎనిమిదడుగుల ఎత్తున వేలాడదీస్తారన్న వెగటు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే తప్పంతా ఆ ఒక్క పేరు మీదికి నెట్టేసి మిగతావాళ్లం తప్పించుకుంటాం.

మా గ్రంథాలయం బందరు కాలువకి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు, శుక్రవారం సెలవు. మిగతా పేపర్లు ఏం రాశాయో చూసుకోవడానికి నేను రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లేవాణ్ణి. ఎనిమిదికి పది నిమిషాలుండగా ఆయన సైకిలు వచ్చేది. తాళం తీసి, చెప్పులు గుమ్మం బయట వదిలి, బల్లంతా తుడిచాక గాని ఫ్యాను వేసేవాడు కాదు. తెల్ల చొక్కా, భుజం మీద కండువా, ఒంటి నుంచి కలరా ఉండల వాసన. పుస్తకం వెన్ను విరిగితే బయటికి పంపేవాడు కాదు. మైదా పిండి తనే ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, ఆ జిగురుతో తనే అతికేవాడు. అట్ట మీద పేరు రాస్తే అచ్చు వేసినదానికన్నా తిన్నగా ఉండేది. ఎవరైనా వేలు తడుపుకుని పేజీ తిప్పితే ఎక్కడున్నా కనిపెట్టేసేవాడు.

"వేలు తడపకండీ. పుస్తకం విస్తరాకు కాదండీ."

ఇవన్నీ నిజాలే. ఆయన పుస్తకాలని ప్రేమించలేదని నేననను. ప్రేమించాడు కాబట్టే సంగతి మరీ రోతగా ఉంటుంది.

ఆయన నోట 'నువ్వు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. కాలేజీ ప్రిన్సిపాల్‌నీ అండీ అనేవాడు, ఆటో నడిపే మనిషినీ అండీ అనేవాడు. మొదట్లో అది సంస్కారం అనుకున్నాను. తర్వాత్తర్వాత ఒకటి గమనించాను. ప్రిన్సిపాల్‌ని అండీ అన్నప్పుడు ఆయన కుర్చీలోంచి సగం లేచేవాడు. ఆటో మనిషిని అన్నప్పుడు ఆయన కుర్చీ ఒక అంగుళం వెనక్కి జరిగేది. కాలే గిన్నెని పట్టకారుతో పట్టుకున్నట్టు కొందరిని ఆ అండీతో పట్టుకుని దూరంగా పెట్టేవాడు. అలా పెట్టించుకున్నవాళ్లు కూడా ఎంత మర్యాదస్తుడో అనుకుంటూ వెళ్లిపోయేవాళ్లు.

పేపరు కూడా ఆయనే విడదీసి పంచేవాడు, ఎవరూ అడక్కుండానే. నాలాంటివాళ్లకి మెయిన్ పేజీలు. లుంగీతో వచ్చినవాళ్లకి జిల్లా పేజీలు. ఆడవాళ్లకి వంటల పేజీ. "ఇది మీకు బాగుంటుందండీ" అంటూ చేతిలో పెట్టేవాడు. ఒకసారి చేతుల నిండా సున్నం మరకలతో ఒక పెయింటరు వచ్చి, సంపాదకీయం ఉన్న పేజీ కావాలన్నాడు. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"అందులో బొమ్మలుండవండీ."

గదిలో ఉన్న నలుగురం నవ్వాం. నేనూ నవ్వాను. పెయింటరు కూడా మాతోపాటు నవ్వబోయి మధ్యలో ఆపేశాడు. మళ్లీ రాలేదు.

ఇక గట్టు సంగతి. గదికి దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీకి జానెడు వెడల్పు సిమెంటు గట్టు. రోజులో ఎక్కువసేపు ఎండ దాని మీదే పడుతుంది. ఆ గట్టు మీద ఎప్పుడు చూసినా ఐదారు పుస్తకాలు నిలబెట్టి ఉండేవి, పేజీలు విసనకర్రలా విప్పుకుని. ఒకరోజు అవేంటని అడిగాను.

"చెమ్మండీ," అన్నాడు. "కాలవ పక్క ఊరు. ఇళ్లకెళ్లి తిరిగొచ్చిన పుస్తకానికి మూడెండలు తగలాలి. మాగాయ ముక్కకి తగలనివ్వమా మూడెండలు? పుస్తకం అంతకన్నా తీసిపోయిందా అండీ?"

నేను ముగ్ధుణ్ణయిపోయాను. ఆ సాయంత్రమే ఫొటోగ్రాఫర్‌ని తీసుకొచ్చి, కిటికీ వెలుతురులో ఆయన్నీ పుస్తకాల్నీ తీయించాను. అర పేజీ రాశాను. తలంటు పోసిన బిడ్డల జుట్టు ఆరబెట్టే తల్లిలా ఈయన పుస్తకాలకి మూడెండలు చూపిస్తాడని అందులో ఒక వాక్యం ఉంది. రాసినప్పుడు ఆ వాక్యం చూసుకుని నేనెంత మురిసిపోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. వార్త రాయడానికి వచ్చిన కొత్త కుర్రాడు కూడా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: తిరిగొచ్చిన పుస్తకాలన్నీ గట్టు మీద పెడతారా, కొన్నేనా? నేను అడగలేదు. మాగాయ పోలిక నచ్చేసింది, ఇంటికెళ్లిపోయాను.

వ్యాసం వచ్చాక గ్రంథాలయ వారోత్సవాల్లో ఆయనకి శాలువా కప్పారు. పై అధికారులు వచ్చి గట్టు చూసి, ఇది మంచి పద్ధతి, మిగతాచోట్ల కూడా పాటించండి అన్నారు. కాలువలు పారే ఊళ్లన్నిటి నుంచీ లైబ్రేరియన్లు వచ్చి ఎలా ఎండబెట్టాలో ఆయన దగ్గర నేర్చుకుని వెళ్లారు. దారిన పోతూ ఏ ఊరి లైబ్రరీ కిటికీలోనైనా విప్పిన పుస్తకాలు కనిపిస్తే, ఇది నా వ్యాసం పుణ్యమే కదా అనుకునేవాణ్ణి.

సువార్త అనే ఆవిడ నా కళ్లు తెరిపించింది. మా వీధి చివర లేడీస్ టైలర్ షాపులో జాకెట్లు కుట్టేది. బీఈడీ చదివింది. కాలువ గట్టు మీది కాలనీలో ఇల్లు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పళ్ల మధ్య దారం పట్టుకునే అలవాటు వల్లనో ఏమో, పెదవులు బిగించి ఉండేవి.

ఏడెనిమిదేళ్ల కిందట ఎంతోకాలానికి డీఎస్సీ పడింది. టీచరు పోస్టుల కోసం ఊళ్లకి ఊళ్లే చదువుతున్నాయి. సువార్త అంతకుముందు రెండుసార్లు రాసి కొద్దిపాటి మార్కుల తేడాతో పోగొట్టుకుంది. పోయింది రెండుసార్లూ సైకాలజీలోనే. ఆ సబ్జెక్టుకి అందరూ చదివే లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. ఏలూరు రోడ్డు షాపుల్లో ఎక్కడా దొరకడం లేదు. మా గ్రంథాలయంలో ఒక కాపీ ఉంది. సువార్త, పక్కింటి కుమారి వంతులు వేసుకున్నారు. కుమారి తిరిగిచ్చిన రోజునే సువార్త తీసుకోవాలి, ఆమె ఇచ్చిన రోజునే మళ్లీ కుమారి. పరీక్షకి ఇంక నెలన్నర ఉంది.

అప్పుడే అల్పపీడనం పట్టుకుంది. వారం రోజులు సూర్యుడు కనపడలేదు.

ఆ రోజు నేను ఆయన పక్క కుర్చీలో కూర్చుని పేపరు చూస్తున్నాను. సువార్త గొడుగు బయటే పెట్టి లోపలికొచ్చింది. షాపు తెరిచేలోగా వెళ్లిపోవాలన్న తొందర మొహంలో కనిపిస్తోంది.

"సైకాలజీ పుస్తకం సార్. మా కుమారి సోమవారం ఇచ్చేసింది. అదుగో, గట్టు మీదుంది."

"ఉందండీ. లేదని ఎవరన్నారు?" అన్నాడు ఆయన. "మూడెండలు తగలాలి కదండీ."

"వాన సార్. వారం నుంచీ వానే."

"ఏం చేస్తామండీ. వాన మన చేతిలో ఉందా?"

"పుస్తకం పొడిగానే ఉంది సార్. నేనే సంచిలో చుట్టి, కవర్లో పెట్టి పంపించాను. ముట్టుకుని చూడండి."

"మీ చేతికి పొడిగానే ఉంటుందండీ. పుస్తకానికి తెలుస్తుంది."

"పోనీ ఇక్కడే కూర్చుని చదువుకుంటాను. ఒక్క గంట."

"ఎండని పేజీలు తిప్పితే చిరుగుతాయండీ. ఈ వారం పత్రిక వచ్చింది, అల్లికల బొమ్మలున్నాయి, చూస్తారా?"

సువార్త ఆ పత్రిక వైపు చూడలేదు. వెళ్లి గుమ్మం దగ్గర గొడుగు తెరుచుకుంది. నేనూ అప్పుడే బయల్దేరాను. మెట్ల మీద ఆగి నా వైపు తిరిగింది.

"ఆదివారం పేపర్లో ఈయన గురించి రాసింది మీరే కదా సార్?"

"అవునమ్మా," అన్నాను. బాగుందంటుందనుకున్నాను.

"మీ పుస్తకం ఎప్పుడైనా ఆ గట్టు మీద పెట్టారా సార్?"

నాకు వెంటనే అర్థం కాలేదు. "నేను తిరిగిచ్చాక ఏం చేస్తారో చూడలేదమ్మా."

"ఈసారి చూడండి," అంది. "మా కాలనీవి పెడతారు. తురకపాలెం వాళ్లవి పెడతారు. ఆస్పత్రిలో ఊడ్చే రత్నమ్మ కొడుకువి పెడతారు. డాక్టరుగారిల్లు కూడా మా పక్కనే సార్, అదే కాలవ, అదే చెమ్మ. వాళ్లావిడ పుస్తకాలు పెట్టరు." గొడుగు ఎత్తి ఒక మెట్టు దిగింది. "ఆయన నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు సార్. అంటే బాగుండేది. తిరిగి అనేదాన్ని."

మర్నాడు కూడా వానే. నా చేతిలో ఒక నవల ఉంది, తిరిగివ్వాల్సినది. ఆటో దిగి లోపలికి వచ్చేసరికి అది నిజంగానే తడిసిపోయింది. అట్ట మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన గబగబా లేచి, "అయ్యయ్యో, మొత్తం తడిశారండీ" అంటూ తన కండువాతో పుస్తకం తుడిచి, నేరుగా తీసుకెళ్లి అరలో పెట్టేశాడు. పక్క పుస్తకం అట్టకి నీటి మరక పాకడం నాకు కనిపిస్తోంది. చేయి చాపితే అందే దూరంలో, గట్టు మీద, సైకాలజీ పుస్తకం అప్పడంలా ఎండిపోయి ఉంది.

"నా పుస్తకానికి ఎండ అక్కర్లేదా అండీ?" అన్నాను.

"మీదా? మీ ఇంట్లోంచి వచ్చిందేగా అండీ."

"నీళ్లు కారుతున్నాయి."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు, నా వైపుకి. గొంతు తగ్గించాడు.

"మీకు తెలీనిదేముందండీ. ఇక్కడి పుస్తకం కొందరు తీసుకెళ్లి దేవుడి గదిలో పెట్టుకుంటారు. పెద్దవాళ్లు మడి కట్టుకుని చదువుతారు. రేపెవరైనా వచ్చి, ఏవయ్యా ఇది ఎవరెవరి ఇళ్లకెళ్లొచ్చిందీ అంటే నేనేం చెప్పుకోను? మూడెండలు తగిలితే ఇహ ఎవరికీ ఏ పట్టింపూ ఉండదు. మా ముందాయన వాళ్లకసలు సభ్యత్వమే ఇవ్వలేదు, తెలుసాండీ? నేనిచ్చాను. ఒక్కర్నీ కాదనలేదు. అందర్నీ కలుపుకుపోవాలి కదండీ, రోజులు మారాయి. అటు వాళ్లూ నొచ్చుకోకూడదు, ఇటు వీళ్లూ నొచ్చుకోకూడదు. ఎండ ఎవరి సొమ్మండీ?"

గొప్ప సంస్కరణ చేసినవాడి గర్వం ఉంది ఆ మొహంలో. పచ్చి ద్వేషమైతే నాకు అంత వికారం పుట్టేది కాదు. మనిషి చేతి అంటుని ఎండబెట్టి, దానికి చెమ్మ అని పేరు పెట్టి, నా చేత తల్లి ప్రేమ అని అచ్చు వేయించుకున్నాడు. పైగా నాకు తెలిసే రాశాననుకున్నాడు. ఆయన దృష్టిలో నేను ఆయన మనిషిని.

"ఆ సైకాలజీ పుస్తకం నా కార్డు మీద ఇవ్వండి," అన్నాను.

"అది మీకొద్దండీ!" నా చేయి దాని మీద పడుతుందేమోనని ఆయన నిజంగా కంగారుపడ్డాడు. "ఇంట్లో పిల్లలెవరైనా రాస్తున్నారా? ముందే చెప్పొద్దూ!"

తాళాలగుత్తి తీసి, తన కుర్చీ వెనకున్న బీరువా తెరిచాడు. అందులో అదే పుస్తకం ఇంకొకటి ఉంది. సరికొత్తది. ఎవరూ ముట్టనిది. అట్ట వేసి, పేరు రాసి, సిద్ధంగా ఉంది.

రిజిస్టరులో నా కార్డు నంబరు రాస్తుంటే చూశాను. సభ్యుల పట్టికలో కొన్ని పేర్ల పక్కన నీలం పెన్సిలుతో చిన్న చుక్క ఉంది.

"ఇవేంటండీ?"

"గుర్తండీ," అన్నాడు. "పెద్దవాణ్ణవుతున్నాను. మర్చిపోతానని."

ఆ పుస్తకం తిన్నగా టైలర్ షాపుకి తీసుకెళ్లి సువార్తకిచ్చాను. కొత్త పుస్తకమని చూడగానే ఆమెకి అంతా అర్థమైపోయింది. ఎక్కడిదని అడగలేదు.

"తిరిగిచ్చేటప్పుడు ఆయనకి చెప్తారా సార్, నేను చదివానని?" అని మాత్రం అంది.

"చెప్తానమ్మా."

గడువు అయిపోయినప్పుడల్లా నేనే వెళ్లి మళ్లీ నా పేరున రాయించుకొచ్చాను. పరీక్ష రాసే ముందురోజు సాయంత్రం దాకా ఆ పుస్తకం వాళ్లిద్దరి ఇళ్లలోనే తిరిగింది. పరీక్షయ్యాక తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు.

"ఒక్క మడత లేదండీ. ఒక్క మరక లేదు. చదువుకున్నవాళ్ల ఇంటికెళ్లిన పుస్తకం ఎలా ఉంటుందో దీన్ని చూసి నేర్చుకోవాలి."

పేజీల మధ్య నుంచి ఆకుపచ్చ దారం ముక్క ఒకటి జారి బల్ల మీద పడింది. జాకెట్టు కుట్టే దారం. ఆయన దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నవ్వాడు.

"మీ ఆవిడగారు కుడతారాండీ?"

చెప్పాల్సింది అప్పుడే. గదిలో నలుగురైదుగురున్నారు. అందరూ తెలిసినవాళ్లే. నా మాట తీసెయ్యలేనివాళ్లే.

"ఊఁ," అన్నాను.

ఆయన పుస్తకాన్ని అరలో పెట్టేశాడు. గట్టు మీద కాదు.

సువార్త వారం తర్వాత షాపు ముందు కనిపించి అడిగింది. "చెప్పారా సార్?"

"లేదమ్మా. సమయం రాలేదు."

ఆమె కోప్పడలేదు. చేతిలో ఉన్న గుడ్డ మడత పెట్టింది. "చదివితే చదివాను గానీ, మీ కార్డు మీద చదివాను సార్," అంది. "నా కార్డు మీద చదవలేదు."

ఆ డీఎస్సీలో సువార్తకి పోస్టొచ్చింది. కుమారికి రాలేదు. సువార్త గన్నవరం అవతల ఏదో ఊళ్లో చేరింది. నేను ఆ గ్రంథాలయానికి వెళ్లడం మానేశాను. నోరు తెరవలేనివాడు చేసే నిరసన ఇలాంటిదే. ఎవరికీ తెలియదు, ఎవరికీ తగలదు.

సంతాప సభకి వెళ్లేసరికి గుమ్మం పక్కనే ఫ్లెక్సీ ఉంది. కార్యదర్శి అన్నట్టే ఒక పక్క ఆయన ఫొటో, ఒక పక్క నా వ్యాసం. తలంటు పోసిన బిడ్డల వాక్యాన్ని ఎర్రక్షరాల్లో పెద్దది చేశారు. లోపల కిటికీ పైన అదే వ్యాసం పాత ప్రతి ఫ్రేము కట్టి ఉంది. దాని కింద గట్టు. గట్టు మీద ఏడు పుస్తకాలు.

మాట్లాడినవాళ్లంతా ఒకే మాట అన్నారు: అందర్నీ కలుపుకుపోయిన మనిషి. తేడాలు తెలియని మనిషి. నన్నూ పిలిచారు. మైదా జిగురు గురించీ చేతిరాత గురించీ మూడు నిమిషాలు మాట్లాడి దిగాను. గట్టు మాట ఎత్తలేదు. బూందీ పొట్లాలు పంచారు. నాది విప్పకుండా కుర్చీ మీద పెట్టేశాను.

అప్పుడు చూశాను, చివరి వరసలో సువార్త కూర్చుని ఉంది. జుట్టు కొంచెం నెరిసింది. ఈ జూన్‌లోనే బదిలీ మీద పేటకి తిరిగొచ్చిందట. ఆమెని చూసి కార్యదర్శి మైకు తీసుకుని, "మన గ్రంథాలయంలో చదివి టీచరైన మేడమ్ వచ్చారు, పోయినాయన సేవకి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి" అన్నాడు.

"నేను మాట్లాడ్డానికి రాలేదండీ," అంది సువార్త కూర్చున్నచోటి నుంచే. "పుస్తకం తిరిగివ్వడానికొచ్చాను."

జనం కొంత పల్చబడ్డాక బల్ల దగ్గరికి వెళ్లింది. ఇప్పుడక్కడ లైబ్రేరియన్, ఆయన తర్వాత కాంట్రాక్టు మీద వచ్చిన పాతికేళ్ల అమ్మాయి. ఆమెది కూచిపూడి దాటాక ఏదో పల్లెటూరు. సువార్తని చూసి లేచి నిలబడింది. ఇచ్చిన పుస్తకాన్ని రెండు చేతులతో భక్తిగా అందుకుంది. రిజిస్టరు తెరిచి వేలితో పేరు వెతికింది. తర్వాత అదే భక్తితో ఆ పుస్తకం తీసుకెళ్లి గట్టు మీద, పేజీలు విప్పి, ఎనిమిదోదిగా నిలబెట్టింది.

"ఏమ్మా, తడిగా ఉందా?" అంది సువార్త.

"లేదు మేడమ్. మీ కార్డుకి మూడెండలని ఉంది." రిజిస్టరు తిప్పి చూపించింది. పేరు పక్కన నీలం చుక్క. "కాలవ గట్టు వాళ్లకి చెమ్మ ఎక్కువని పాత సారు నాకు అప్పగించేటప్పుడు చెప్పారండీ."

"నేనిప్పుడు కాలవ గట్టు మీద లేను. రెండో అంతస్తులో ఉంటున్నాను."

"అయ్యో, చుక్క మార్చలేదు మేడమ్. అడ్రసు మార్పుకి అప్లికేషన్ ఇస్తే..."

సువార్త నా వైపు తిరిగింది. "సార్, మీరు చెప్తారా? నన్నే చెప్పమంటారా?"

చెప్పాను. పేపర్లో అర పేజీ పట్టిన సంగతి, నిజంగా చెప్పబోతే నాలుగు వాక్యాల్లో అయిపోయింది. ఎవరి పుస్తకం ఎండుతుందో, ఎవరిది ఎండక్కర్లేదో, నా తడి పుస్తకం ఎక్కడికి వెళ్లిందో, బీరువాలో ఏముందో. కార్యదర్శి పరుగున వచ్చాడు.

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ? ఫొటో మీది దండ కూడా ఇంకా వాడిపోలేదు."

ఆ అమ్మాయి మా ఇద్దరినీ పట్టించుకోలేదు. కిటికీ పైనున్న ఫ్రేము వైపు చూస్తోంది.

"మా ఊరి లైబ్రరీలో కూడా ఇదే పద్ధతి మేడమ్," అంది నెమ్మదిగా. "పేపర్లో పడిందని వాళ్లూ మొదలుపెట్టారు. ఇంటర్ చదివేటప్పుడు నా పుస్తకాలు కూడా గట్టు మీదే పెట్టేవాళ్లు. ఎంత జాగ్రత్తగా చూసుకుంటారో అనుకునేదాన్ని. అది చూసే నేను ఈ కోర్సులో చేరాను."

ఫ్రేములో కింద నా పేరు ఇంకా స్పష్టంగానే కనపడుతోంది.

ఆ అమ్మాయి బల్ల సొరుగులోంచి రబ్బరు తీసింది. సువార్త ఆమె మణికట్టు పట్టుకుంది.

"చెరపకమ్మా. ముందు చదువు. పైకి చదువు."

ఆ అమ్మాయి రబ్బరు పక్కన పెట్టింది. తర్వాత చదివింది. సువార్త. రత్నకుమారి. ఏసుబాబు. నాగూర్‌బీ. కరుణ. మస్తాన్. సాల్మన్ రాజు. పేజీ తిప్పింది. వేలు తడపలేదు. బూందీ తింటున్నవాళ్లు పొట్లాలు చేతుల్లో పట్టుకుని ఆగిపోయారు. కార్యదర్శి గోడ వైపు తిరిగాడు. అన్నేళ్లు ఆ గదిలో ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను, ఆ పేర్లలో సగం నేనెప్పుడూ వినలేదు.

నాలుగు పేజీలు అయ్యాయి. చుక్కలు అయిపోయాయి. ఆ అమ్మాయి రిజిస్టరు మూసింది. మూసిన రిజిస్టరు మీద అరచేయి పెట్టి, అందులో లేని పేరొకటి కూడా పైకి చెప్పింది.

"విజయమేరి," అంది.

అది తన పేరు.